నది దాటే ట్రిప్పులు తగ్గించడం ఎలా? డిస్ట్రిబ్యూటెడ్ క్వాంటమ్ కంప్యూటింగ్‌లో కమ్యూనికేషన్ ఖర్చుకి ఒక మార్గదర్శి

మా ఇల్లు పర్లాకిమిడిలో, మావయ్య కిరాణా కొట్టు పాతపట్నంలో. మధ్యలో మహేంద్రతనయ. ఏటికి ఇవతల ఒడిశా, అవతల ఆంధ్ర. కాలేజీ రోజుల్లో ఇంట్లో ఏ శుభకార్యం వచ్చినా సరుకులు తెచ్చే డ్యూటీ నాదే. బెల్లం తెచ్చి ఇలా కూర్చోగానే యాలకులు మర్చిపోయామని లోపల్నుంచి కేక వచ్చేది. యాలకులు తెస్తే జీడిపప్పు. ఒకరోజు మూడో ట్రిప్పుకి మావయ్యే విసుక్కున్నాడు: “ఏట్రా ఇది? అన్నీ ఒక్కపాలి చీటీ రాసి పంపమని చెప్పు మీ అమ్మకి. నీ పెట్రోలు డబ్బులకి ఇంకో కేజీ బెల్లం వచ్చును.”

ఇక్కడ రాస్తున్నదంతా ఆ చీటీ సంగతే. రెండు మూడు క్వాంటమ్ కంప్యూటర్లని కలిపి ఒకే లెక్క చేయించేటప్పుడు లెక్కపెట్టాల్సింది అవతలికి వెళ్ళే సరుకుల్ని కాదు, ట్రిప్పుల్ని. నేను ఈ తేడా తెలుసుకోవడానికి చాలా కాగితాలు పాడుచేశాను. మీకు ఆ అవసరం లేకుండా అడుగడుగునా లెక్కలతో చెబుతాను. క్యూబిట్ అంటే ఏమిటో, హడమార్డ్, సీనాట్ గేట్లు ఏం చేస్తాయో తెలిస్తే చాలు. పెన్ను, కాగితం దగ్గర పెట్టుకోండి.

భాష గురించి ఒక్క మాట. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఇక్కడ కూర్చుని ఎంటాంగిల్‌మెంట్‌కి నాలుగు సంస్కృత పదాలు అతికించి కొత్త మాట పుట్టించే ధైర్యం నాకు లేదు. చిక్కుపడిన రెండు క్యూబిట్‌లని ‘జంట’ అంటాను. అందులో ఒకటి ఇవతలి యంత్రంలో, ఒకటి అవతలి యంత్రంలో ఉంటాయి.

అసలు ఖర్చు ఎక్కడ అవుతుంది?

ఒకే చిప్‌లో క్యూబిట్‌లు పెంచుకుంటూ పోతే వైర్లు, చల్లదనం, ఒకదాని గోల ఇంకొకదానికి తగలడం లాంటి తలనొప్పులు మొదలవుతాయి. అందుకే చిన్న యంత్రాలు కొన్ని తీసుకుని కలుపుదామన్న ఆలోచన వచ్చింది. అమరావతికి రానుందని 2025లో ప్రకటించిన ఐబీఎం యంత్రంలోని ప్రాసెసర్‌కి 156 క్యూబిట్‌లు. పెద్ద సంఖ్యల్ని విడగొట్టడం లాంటి పనులకి, తప్పులు సరిదిద్దుకునే ఖర్చుతో కలిపి, లక్షల్లో కావాలి. అన్ని ఒకే పెట్టెలో పట్టవు.

యంత్రం లోపలి గేటు చవక. రెండు యంత్రాల మధ్య గేటు వేయాలంటే మాత్రం ముందు ఒక జంట తయారుకావాలి. వాడిన జంట అక్కడితో సరి, మళ్ళీ పనికిరాదు. 2020లో ఆక్స్‌ఫర్డ్ బృందం రెండు అయాన్ ట్రాప్‌ల (విద్యుదావేశమున్న పరమాణువుల్ని పట్టి ఉంచి క్యూబిట్‌లుగా వాడే యంత్రాలు) మధ్య సెకనుకి 182 జంటలు తయారుచేసింది, నాణ్యత, అంటే కావాల్సిన స్థితికి ఎంత దగ్గరగా వచ్చిందన్నది, 94 శాతం. అంటే ఒక్కో జంటకి సుమారు 5.5 మిల్లీసెకన్లు. ట్రాప్ లోపలి గేటు 100 మైక్రోసెకన్లు పట్టిందనుకున్నా, నది దాటడం 55 రెట్లు ఖరీదు. అదే విశ్వవిద్యాలయం వాళ్ళు 2025లో సుమారు 2 మీటర్ల దూరంలో ఉన్న రెండు మాడ్యూళ్ళ మధ్య గేటు వేసి, గ్రోవర్ అనే వెతుకులాట అల్గారిథమ్ నడిపి చూపించారు. గేటు నాణ్యత 86 శాతం, గ్రోవర్ 71 శాతం సార్లు సరైన జవాబు ఇచ్చింది. లోపలి గేట్లు ఇంతకన్నా చాలా బాగుంటాయి. కాబట్టి ప్రతి ట్రిప్పుకీ సమయమూ పోతుంది, నాణ్యతా పోతుంది.

మామూలు బిట్‌లు కూడా అటూ ఇటూ వెళ్తాయి గాని వాటి ఖర్చు దాదాపు లేనట్టే. ఫైబర్‌లో కిలోమీటరుకి 5 మైక్రోసెకన్లు. వాటిని వదిలేసి జంటల్నే లెక్కపెట్టండి.

మొదటి అడుగు: సర్క్యూట్‌ని సీజెడ్‌లుగా రాసుకోండి

సీనాట్‌లో కంట్రోల్, టార్గెట్ అని ఇద్దరున్నారు. టార్గెట్ మీద అటొక హడమార్డ్, ఇటొక హడమార్డ్ పెడితే మధ్యలోది సీజెడ్ (రెండు క్యూబిట్‌లూ 1 అయినప్పుడు మాత్రమే గుర్తుని మైనస్ చేసే గేటు) అయిపోతుంది. సీజెడ్‌కి ఎవరు కంట్రోల్ అన్న పట్టింపు లేదు, రెండు క్యూబిట్‌లూ సమానమే. అటువాళ్ళు ఇటు వచ్చినా, ఇటువాళ్ళు అటు వెళ్ళినా పని జరుగుతుంది. ఈ స్వేచ్ఛ ముందుముందు డబ్బులు మిగులుస్తుంది.

తర్వాత టైమ్ ప్రకారం ఒక పట్టిక గీయండి: ఏ క్యూబిట్‌కి ఏ క్యూబిట్‌తో సీజెడ్ ఉంది, మధ్యలో దేనిమీద హడమార్డ్ పడింది. ఆ హడమార్డ్‌లని ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టండి. ఎందుకో రెండో అడుగులో తెలుస్తుంది. పక్కపక్కనే ఉండి ఒకదాన్నొకటి కొట్టేసుకునే గేట్లుంటే ఇప్పుడే తీసేయండి. అక్కర్లేని సరుకు చీటీలో ఎందుకు?

రెండో అడుగు: ఒక ట్రిప్పులో ఎన్ని గేట్లు పడతాయో తెలుసుకోండి

గైడ్ మొత్తానికి ఇదే గుండెకాయ. నిదానంగా చదవండి.

అవతలి యంత్రంలో ఉన్న మూడు క్యూబిట్‌లతో మన 1వ క్యూబిట్‌కి మూడు సీజెడ్‌లు ఉన్నాయనుకుందాం. తెలియనివాళ్ళు మూడు జంటలు ఖర్చుపెడతారు. ఒక్క జంట చాలు. ఇలా చేయాలి:

మన 1వ క్యూబిట్‌ని కంట్రోల్‌గా, జంటలో మనవైపు సగాన్ని టార్గెట్‌గా పెట్టి సీనాట్ వేయండి. ఆ సగాన్ని కొలవండి. 0 లేదా 1 వస్తుంది. ఆ ఒక్క బిట్‌ని ఫోన్ చేసి చెప్పినట్టు అవతలికి పంపండి. 1 వస్తే అవతలివాళ్ళు తమ సగం మీద ఎక్స్ గేటు (0ని 1గా, 1ని 0గా తిప్పేది) వేస్తారు. ఇప్పుడు అవతలి సగం మన 1వ క్యూబిట్‌కి నీడలా తయారైంది. ఇక్కడ 0 ఉన్నచోట అక్కడా 0, ఇక్కడ 1 ఉన్నచోట అక్కడా 1. అవతల ఉన్న ఆ నీడతో మూడు సీజెడ్‌లూ లోకల్‌గా వేసుకోవచ్చు. మూడేం ఖర్మ, ముప్పై అయినా అదే జంట.

పని అయ్యాక నీడని తీసేయాలి. దానిమీద హడమార్డ్ వేసి కొలుస్తారు, వచ్చిన బిట్‌ని మనకి పంపుతారు. 1 వస్తే మన 1వ క్యూబిట్ మీద జెడ్ గేటు (1 ఉన్నచోట గుర్తుని మైనస్ చేసేది) వేయాలి. మొత్తం ఖర్చు ఒక జంట, అటొక బిట్, ఇటొక బిట్. ఒక్క సీనాట్‌కి ఇది సరిపోతుందని 2000లో ఐసర్ట్, జేకబ్స్, పాపడోపౌలోస్, ప్లీనియో చూపించారు. నీడని కలపడం, విడదీయడం అనే రెండు ముక్కలుగా దీన్ని 2004లో యిమ్‌సిరివత్తన, లొమొనాకో వివరించారు.

ఇక్కడ తెలివైన పిల్లలు ఒక ప్రశ్న అడుగుతారు. క్వాంటమ్‌లో కాపీ తీయడం కుదరదు కదా అని. నిజమే, ఇది కాపీ కాదు. రెండు వేర్వేరు క్యూబిట్‌లు ఒకే స్థితిలో విడివిడిగా లేవు, రెండూ కలిసి ఒకే స్థితిలో ఉన్నాయి. అద్దంలో మనిషి ఇద్దరుగా కనిపించినా ఉన్నది ఒక్కడే. అద్దం పగలగొట్టేముందు జాగ్రత్త పడాలి, అంతే.

షరతు ఒకటుంది. నీడ ఉన్నంతసేపూ 1వ క్యూబిట్ మీద హడమార్డ్ పడకూడదు. జెడ్, టీ లాంటి, జెడ్ అక్షం చుట్టూ తిప్పే గేట్లు ఎన్నైనా పడొచ్చు. ఎక్స్ పడితే నీడ మీద కూడా ఒక ఎక్స్ వేస్తే సరి. హడమార్డ్ పడిందా, చీటీ చిరిగినట్టే. కొత్త ట్రిప్పు, కొత్త జంట. ఎర్ర పెన్ను అందుకే. అవతలి క్యూబిట్‌ల మీద ఏం పడినా మనకి అభ్యంతరం లేదు.

ఇప్పుడు పట్టికలో రెండు ఎర్ర గుర్తుల మధ్య ఉన్న గేట్లన్నీ ఒక చీటీ కిందికి వస్తాయి. ఎర్ర గుర్తుని దాటించి గేట్లని ముందుకో వెనక్కో జరపగలిగితే చీటీ ఇంకా పెద్దదవుతుంది. ఒకదానికొకటి అడ్డురాని గేట్ల క్రమం మార్చుకోవచ్చు, సీజెడ్‌లు తమలో తాము ఎప్పుడూ అడ్డురావు. ఓపిగ్గా జరిపి చూడండి. నేనైతే ఒక పూట అంతా దీనికే పెడతాను.

చీటీలో రెండువైపులా చాలా క్యూబిట్‌లుంటే ఎవరి నీడని పంపాలి? ఇటువాళ్ళని చుక్కలుగా ఒకవైపు, అటువాళ్ళని ఇంకోవైపు పెట్టి, సీజెడ్‌లని గీతలుగా గీయండి. ప్రతి గీతకీ కనీసం ఒక చివర చుక్క ఎంపికయ్యేలా, అతి తక్కువ చుక్కలు ఎంచుకోండి. ఎంచుకున్న చుక్కలెన్నో జంటలన్ని. సీజెడ్‌కి ఎవరైనా కంట్రోల్ కావచ్చు కాబట్టే ఇది కుదురుతుంది.

మూడో అడుగు: ఎవర్ని ఏ గట్టున పెట్టాలి

సహజంగా తోచే పద్ధతి ఏమిటంటే క్యూబిట్‌లని రెండు గుంపులు చేసి, మధ్యలో తెగే గీతలు అతి తక్కువ ఉండేలా చూడటం. దీనికి 1970 నాటి కెర్నిగన్–లిన్ పద్ధతి ఉంది, పైథాన్‌లో నెట్‌వర్క్‌ఎక్స్ లైబ్రరీతో ఒక్క లైన్లో నడుస్తుంది. నేనూ అదే నడిపి, సంఖ్య తగ్గిందని సంబరపడ్డాను. ఆ సంబరం ఎందుకు తప్పో ఈ చిన్న ఉదాహరణలో చూడండి.

ఆరు క్యూబిట్‌లు, రెండు యంత్రాలు, ఒక్కోదానిలో మూడు. గేట్లు వరసగా ఇవి: 1కి 4తో, 5తో, 6తో ఒక్కో సీజెడ్. తర్వాత 1 మీద హడమార్డ్. తర్వాత 1కి 2తో ఒక సీజెడ్. ఇవి కాక 2, 3ల మధ్య మూడు సీజెడ్‌లు, 4, 5ల మధ్య రెండు, మధ్యమధ్యలో హడమార్డ్‌లతో.

కెర్నిగన్–లిన్ వెతికేది తక్కువ తెగే పంపకం. అది 1, 4, 5 ఒకవైపు, 2, 3, 6 ఇంకోవైపు. తెగేవి రెండే: 1–6, 1–2. బాగానే ఉంది కదా? కానీ ఆ రెండింటి మధ్యలో 1 మీద హడమార్డ్ ఉంది. చీటీ చిరిగింది. రెండు జంటలు.

ఇప్పుడు 1, 2, 3 ఒకవైపు, 4, 5, 6 ఇంకోవైపు పెట్టండి. తెగేవి మూడు: 1–4, 1–5, 1–6. మూడూ ఒకే చీటీ. ఒక్క జంట!

తెగే గేట్లు ఎక్కువ, ఖర్చు సగం. అందుకని గీతలున్న మామూలు గ్రాఫ్ సరిపోదు. ఒక చీటీలోని క్యూబిట్‌లన్నిటినీ చుట్టి ఒకే వల వేసినట్టు గీసుకోవాలి, ఎన్ని వలలు తెగుతున్నాయో లెక్కపెట్టాలి. దీన్ని హైపర్‌గ్రాఫ్ అంటారు. క్వాంటమ్ సర్క్యూట్ల పంపకానికి ఈ ఆలోచనని 2019లో ఆంద్రెస్-మార్తినెజ్, హ్యూనెన్ చక్కగా వాడారు. హైపర్‌గ్రాఫ్‌లని కోసే కాహైపార్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. చీటీల పని ఇంకొంచెం ఆటోమేటిక్‌గా కావాలంటే పైటికెట్-డీక్యూసీ అనే పైథాన్ లైబ్రరీ చూడండి. నా సలహా మాత్రం మొదటి రెండు సర్క్యూట్లు చేత్తోనే చేయమని. టూల్ ఎందుకలా పంచిందో అప్పుడే అర్థమవుతుంది.

నాలుగో అడుగు: నీడ పంపాలా, మనిషినే పంపాలా

నీడ కాకుండా క్యూబిట్‌నే మొత్తంగా అవతలికి తరలించొచ్చు. అదే టెలిపోర్టేషన్. 1993లో బెనెట్, బ్రసార్డ్, క్రెపో, జోజా, పెరెస్, వూటర్స్ చెప్పిన పద్ధతి ఇది. ఖర్చు ఒక జంట, రెండు మామూలు బిట్‌లు, రెండూ ఒకే దిక్కుకి. వెనక్కి తేవాలంటే ఇంకో జంట.

పైన చెప్పిన కెర్నిగన్–లిన్ పంపకం గుర్తుందా? అక్కడ 1వ క్యూబిట్ ముందు 4, 5లతో లోకల్‌గా పని చేసుకుని, తర్వాత అవతలికి మకాం మార్చేస్తే 6తో సీజెడ్, హడమార్డ్, 2తో సీజెడ్ అన్నీ అక్కడే లోకల్‌గా అయిపోతాయి. తిరిగి రానక్కర్లేదు కాబట్టి ఒక్క జంటే. అయితే అవతల ఒక కుర్చీ ఖాళీ ఉండాలి. మూడే కుర్చీలున్నచోట నాలుగోవాడు నిలబడే ఉంటాడు, అంటే కమ్యూనికేషన్ కోసం ఉంచిన క్యూబిట్‌ని ఆక్రమిస్తాడు, తర్వాతి ట్రిప్పులు ఆగిపోతాయి.

నేను పాటించే పద్ధతి ఇది. మధ్యలో హడమార్డ్‌లు పడుతూ అవతలివాళ్ళతో వరసగా పని ఉంటే టెలిపోర్ట్. హడమార్డ్ లేకుండా చాలా గేట్లుంటే నీడ. పోయి రావడానికి రెండు జంటలు కాబట్టి, రెండు చీటీల్లో అయిపోయే పనికి టెలిపోర్ట్ వల్ల లాభం లేదు. మూడు చీటీలు దాటితే ఆలోచించండి.

చేత్తో చేసి చూద్దాం: 8 క్యూబిట్‌ల క్వాంటమ్ ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్

మా పిన్ని కొడుకు బీటెక్ మూడో సంవత్సరం. మొన్న దసరా సెలవులకి వచ్చి, “అన్నయ్యా, ఫోరియర్‌ని రెండు ముక్కలు చేస్తే ఎన్ని జంటలు అవుతాయి?” అని అడిగాడు. వంటింటి గట్టు మీద క్యాలెండర్ కాగితం తిరగేసి ఇద్దరం చేసిన లెక్క ఇది.

ప్రతి క్యూబిట్ మీదా ఒక హడమార్డ్, ఆ తర్వాత దాని కింద ఉన్న ప్రతి క్యూబిట్‌తో ఒక కంట్రోల్డ్ ఫేజ్ గేటు (సీజెడ్ లాంటిదే, గుర్తు మార్చే బదులు చిన్న కోణం తిప్పుతుంది). పక్క క్యూబిట్‌తో 90 డిగ్రీలు, దాని పక్కదానితో 45, అలా సగం సగం తగ్గుతూ పోతుంది. 8 క్యూబిట్‌లకి మొత్తం 28 ఫేజ్ గేట్లు. 1 నుంచి 4 ఇవతల, 5 నుంచి 8 అవతల పెడితే నది దాటేవి 4 ఇంటూ 4, అంటే 16.

గుంటడు 16 జంటలు అని రాసేశాడు. చీటీలు చూడమన్నాను. 1వ క్యూబిట్ మీద హడమార్డ్ మొదట్లోనే పడిపోతుంది, ఆ తర్వాత దాని మీద పడేవన్నీ ఫేజ్ గేట్లే. కాబట్టి అవతలి నాలుగిటితో పనికి ఒకే నీడ. 2, 3, 4లకీ అంతే. మొత్తం 4 జంటలు. పదహారు నాలుగయింది.

“ఇంకా తగ్గుతుందా?” అన్నాడు. చిన్న కోణాలు వదిలేసే అలవాటు ఒకటుంది. 22.5 డిగ్రీల దాకా ఉంచి, 11.25, అంతకన్నా చిన్నవి తీసేస్తే జవాబులో చిన్న తేడా వస్తుంది, చాలా పనులకి ఇబ్బంది ఉండదు. అప్పుడు నది దాటేవి ఆరే: 4కి 5, 6, 7తో, 3కి 5, 6తో, 2కి 5తో. చుక్కలు ఎంచుకుంటే 2, 3, 4. మూడు జంటలు. 1వ క్యూబిట్‌కి అవతలివాళ్ళతో పనే లేదు.

అంతా బాగుందనుకుంటుండగా వాడి పుస్తకంలో బొమ్మ చూశాను. చివర్లో క్యూబిట్‌ల వరస తిరగేసే నాలుగు స్వాప్‌లు ఉన్నాయి: 1–8, 2–7, 3–6, 4–5. నాలుగూ నది దాటేవే! స్వాప్ అంటే ఇటుదాన్ని అటు, అటుదాన్ని ఇటు టెలిపోర్ట్ చేయడం, ఒక్కోదానికి రెండు జంటలు. అంటే 8. నాలుగు జంటల లెక్కకి ఎనిమిది జంటల ఊరేగింపు. ఆ స్వాప్‌లు వేయకండి. 1వ క్యూబిట్‌ని ఇకనుంచి 8 అని పిలుద్దాం అని కాగితం మీద పేరు మార్చుకుంటే చాలు, దానికి పైసా ఖర్చు లేదు.

ఐదో అడుగు: నాణ్యత కొనుక్కునే లెక్క

జంట నాణ్యత 90 శాతం అనుకుందాం. నాణ్యతల్ని గుణిస్తే ఉజ్జాయింపుగా మొత్తం ఎంత మిగులుతుందో తెలుస్తుంది. 16 జంటలు వాడితే 18.5 శాతం. 4 వాడితే 65.6 శాతం. చీటీ రాసుకోవడం వల్ల ఎంత తేడానో చూడండి, ఒక్క కొత్త పరికరం కూడా కొనలేదు.

ఇంకా కావాలంటే శుద్ధి చేయాలి. రెండు ముతక జంటలు తీసుకుని, ఒకదాన్ని బలిచ్చి ఇంకోదాన్ని మెరుగుపరచడం. 1996లో బెనెట్ బృందం చెప్పిన పద్ధతిలో, తప్పులు అన్ని రకాలుగానూ సమానంగా ఉన్న 90 శాతం జంటలు రెండు వేస్తే, 87.6 శాతం సార్లు ఫలిస్తుంది, ఫలించినప్పుడు 92.6 శాతం జంట వస్తుంది. ఫలించకపోతే రెండూ పోయినట్టే. సగటున ఒక మంచి జంటకి 2.28 ముతక జంటలు. ఇక్కడ 4 జంటల పనికి 9 పైచిలుకు ముతకవి కావాలి, మొత్తం నాణ్యత 73.7 శాతం అవుతుంది. అదే 16 జంటలతో మొదలుపెట్టినవాడు 36 పైచిలుకు తెచ్చుకోవాలి. అందుకే ముందు ట్రిప్పులు తగ్గించి, తర్వాతే శుద్ధి గురించి ఆలోచించండి.

ఆరో అడుగు: జంటలు ముందే సిద్ధం, మరీ ముందే కాదు

జంటకి లెక్కతో సంబంధం లేదు. 1వ క్యూబిట్‌లో ఏముందో తెలియకముందే జంట తయారుచేసి పెట్టుకోవచ్చు. లోకల్ గేట్లు నడుస్తుండగా పక్కన జంటలు తయారవుతూ ఉంటే, నది దాటాల్సిన టైమ్‌కి ఎదురుచూపు ఉండదు. కానీ అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగదు. దాచిపెట్టిన జంట సమయం గడిచేకొద్దీ పాడవుతుంది. పాలు మరీ ముందు తెచ్చి పెట్టుకుంటే విరిగినట్టు. ఒక జంటకి 5.5 మిల్లీసెకన్లు పడుతుంటే, ఒకటి రెండు జంటల దాకా ముందుండేలా షెడ్యూల్ గీసుకోండి.

ఇంకో చిన్న లాభం. అవతల్నుంచి బిట్ వచ్చేదాకా ఆగి ఎక్స్, జెడ్ వేయాలని లేదు. ‘ఇక్కడో జెడ్ బాకీ ఉంది’ అని ఖాతాలో రాసుకుని ముందుకెళ్ళొచ్చు. హడమార్డ్ దాటితే జెడ్ బాకీ ఎక్స్ బాకీగా మారుతుంది, సీనాట్ దాటితే పక్కవాడికీ అంటుకుంటుంది, అన్నీ కాగితం మీదే. టీ గేటు, ఫోరియర్‌లోని ఫేజ్ గేట్ల లాంటివాటి దగ్గర ఎక్స్ బాకీ ఉంటే మాత్రం ఆగి తీర్చక తప్పదు.

ఏడో అడుగు: మూడు నాలుగు యంత్రాలు వరసగా ఉంటే

నౌపడా నుంచి గుణుపురం వెళ్ళే రైలు టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా పోతుంది. ఈ లైను మీద టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, గుణుపురంలో ఒక్కో యంత్రం ఉందనుకోండి. పక్కపక్క ఊళ్ళ మధ్యే జంటలు తయారవుతాయి. టెక్కలికీ గుణుపురానికీ జంట కావాలంటే మధ్య లింకులు మూడూ ఒక్కో జంట ఇచ్చి, మధ్య ఊళ్ళలో కొలిచి ముడివేయాలి. అంటే మూడు జంటలు.

టెక్కలిలోని ఒక క్యూబిట్ నీడ మిగతా మూడు ఊళ్ళకీ కావాలి. విడివిడిగా పంపితే 1, 2, 3 కలిపి 6 జంటలు. టెక్కలి నుంచి పాతపట్నానికి నీడ, ఆ నీడకి నీడ పర్లాకిమిడికి, దానికి నీడ గుణుపురానికి అని గొలుసుగా పంపితే 3 చాలు. ఒకే రైలు, ప్రతి స్టేషన్లో ఒక పార్సిల్ దింపుకుంటూ పోయినట్టు.

పంపకం చేసేటప్పుడే ఎక్కువ మాట్లాడుకునే గుంపుల్ని పక్క ఊళ్ళలో పెట్టండి. కోత ఖర్చుని దూరంతో గుణించి చూసుకోవాలి.

లింకే లేకపోతే?

క్వాంటమ్ లింకు లేని రెండు యంత్రాలతోనూ పని జరిపించొచ్చు. గేటుని కోసేసి, రెండువైపులా రకరకాల చిన్న సర్క్యూట్లు నడిపి, ఫలితాలని మామూలు కంప్యూటర్లో కుట్టాలి. 2024లో ఐబీఎం రెండు 127 క్యూబిట్‌ల యంత్రాలని మామూలు వైరుతో కలిపి, ఇలాంటి పద్ధతిలో 142 క్యూబిట్‌ల దాకా వాడి ఒక స్థితిని తయారుచేసింది. కానీ విడివిడిగా కోస్తే ఒక్కో సీనాట్‌కి నడపాల్సిన సార్లు 9 రెట్లు పెరుగుతాయి. రెండు కోతలకి 81, ఆరు కోతలకి 5,31,441. ఒకటి రెండు గేట్లకి సరే, అంతకుమించి వద్దు. పైగా నీడలా నాలుగు గేట్లని ఒకే ఖర్చులో కలిపే వెసులుబాటు ఇక్కడ అంత సులువు కాదు.

చివరి అడుగు: సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోండి

8 క్యూబిట్‌లు, కమ్యూనికేషన్‌కి యంత్రానికొకటి చొప్పున ఇంకో 2. మొత్తం 10. కొలిచాక రీసెట్ చేసి మళ్ళీ వాడుకోవచ్చు కాబట్టి ఇంకా అక్కర్లేదు. 1024 సంఖ్యల లెక్క, పాత ల్యాప్‌టాప్‌లో కూడా ఐబీఎం వాళ్ళ క్విస్కిట్ సిమ్యులేటర్ క్షణంలో చేస్తుంది.

నేను మొదటిసారి చేసినప్పుడు ఇన్‌పుట్‌గా ఒక మామూలు సంఖ్య ఇచ్చి, ఫోరియర్ నడిపి, అవుట్‌పుట్ కొలిచి, 256 జవాబులూ సమానంగా వస్తున్నాయని చూసి తృప్తి పడ్డాను. అసలు సర్క్యూట్లోనూ అలాగే వస్తాయి కదా అని. రెండు రోజుల తర్వాత పెద్ద అల్గారిథమ్‌లో దాన్ని పెడితే అంతా చెత్త. తప్పు ఎక్కడుందో తెలియక తల పట్టుకున్నాను.

నీడని విడదీశాక వేయాల్సిన జెడ్ గేటు రాయడం మర్చిపోయాను. మామూలు సంఖ్య ఇస్తే ఫోరియర్ ఎప్పుడూ సమానంగానే పంచుతుంది, సమాచారమంతా ఫేజుల్లో ఉంటుంది, జెడ్ చెడగొట్టేది వాటినే. కొలిస్తే అది కనిపించదు. అందుకే పరీక్ష ఇలా పెట్టండి: రెండు యంత్రాల ఫోరియర్ అయ్యాక, వెనకాలే మామూలు తలకిందుల ఫోరియర్ ఒకటి తగిలించి, ఇచ్చిన సంఖ్య తిరిగి వస్తోందో లేదో చూడండి. సిమ్యులేటర్లో నాయిస్ లేకుండా, 1000 సార్లు నడిపితే 1000 సార్లూ అదే రావాలి. నాకు 60 చిల్లర వచ్చింది. నాలుగు నీడలు, ఒక్కోదానికి జెడ్ పడాల్సిన అవకాశం సగం, నాలుగిటికీ పడనక్కర్లేని అదృష్టం పదహారిట్లో ఒకసారి. 1000ని 16తో భాగిస్తే 62.5. ఆ సంఖ్య చూశాకే తప్పు ఏ లైన్లో ఉందో తట్టింది.